ముఖము ఎఱ్ఱబారుట: కారణములు, కర్తవ్యములు

ముఖము ఎఱ్ఱబారుట ఒక వ్యాధి పేరు కాదు. అనేక వ్యాధులకు అది ఉమ్మడి గుర్తు. చర్మము క్రింద గల సన్నని రక్తనాళములు విప్పారినప్పుడు వానిలో రక్తము అధికముగా ప్రవహించి ముఖము ఎఱ్ఱనై వెచ్చబడును. కోపము, సిగ్గు, కారపు భోజనము, పొయ్యి సెగ వలన కలుగు ఎరుపు కొంతసేపటికి తనంత తానే పోవును. దానికి మందు అక్కరలేదు. కాని కొన్ని ఎరుపులు గంటలలో ప్రాణము తీయగలవు. మరికొన్ని నెలల తరబడి నిలిచి మనిషిని చెరచును. ఏది ఎట్టిదో గ్రామ పెద్దలు ఎరిగియుండుట మేలు.

మొదట ఒక సంగతి గమనింపవలెను. మన పల్లెలలో చామనచాయ, నల్లని ఛాయ గలవారే ఎక్కువ. వారి ముఖమున ఎరుపు స్పష్టముగా కనబడదు. ముదురు నలుపుగనో, ఊదాగనో తోచును. కావున కంటితో చూచుటతో తృప్తిపడక, చేతితో తాకి వేడిని, వాపును, నొప్పిని తెలిసికొనవలెను.

వడదెబ్బ

పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016లో చిన్న జిల్లాలుగా విభజింపబడినను ఎండ మాత్రము అందరికి ఉమ్మడియే. రామగుండము, ఆదిలాబాదు ప్రాంతములలో మే నెలలో వేడి 45 డిగ్రీలు దాటుట కలదు. ఆ దినములలోనే అడవిలో తునికాకు సేకరణ, చెరువులలో మట్టి పనులు జరుగుచుండును.

ఎండలో పనిచేయువాని ముఖము ఎఱ్ఱబడి, చెమట పోయుచు, తల తిరుగుచున్నచో నీడకు చేర్చి, ఉప్పు కలిపిన మజ్జిగగాని, ఓ.ఆర్.ఎస్. నీరుగాని కొద్దికొద్దిగా త్రాగింపవలెను. ముఖము, ఒడలు నిప్పువలె కాలుచు, మాట తడబడినను, మనిషి పొంతన లేక పలికినను, స్పృహ తప్పినను అది వడదెబ్బ. చెమట పోయుచున్నది గదా యని ఉపేక్షింపరాదు. 108కి కబురు చేసి, బండి వచ్చులోపల బట్టలు వదులు చేసి, ఒడలంతయు నీరు పోసి విసరవలెను. మెడ, చంకలు, గజ్జలయందు తడిబట్ట లుంచవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు. జ్వరపు మాత్రలు ఈ వేడిని తగ్గింపలేవు.

ఆహార లోపము

జొన్న గట్క, జొన్న రొట్టె తెలంగాణ పల్లెలకు తరతరముల ఆహారము. ఆదిలాబాదు రాజగోండులకును జొన్నయే ముఖ్యాహారముగా నుండెను. 1958లో కూనూరునుండి హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయమువారు జొన్నపైననే ఆధారపడిన దక్కను బీదలలో పెల్లాగ్రా అను వ్యాధిని గమనించిరి. ఇందు ఎండ తగులు ముఖము, మెడ, చేతులు, పాదములు మొదట కాలినట్లు ఎఱ్ఱబడి, పిదప నల్లబడి పొరలు లేచును. రెండు ప్రక్కలను సమానముగా కనబడుట దీని లక్షణము. నీళ్ల విరేచనములు, మతిచాంచల్యము తోడగును.

నియాసిన్ అను విటమిను ఈ వ్యాధిని మాన్పునని 1937 తరువాత లోకమునకు తెలిసినది. జొన్నలోని ల్యూసిన్ అను అంశము మితిమీరుట ఇచ్చటి వ్యాధికి కారణము కావచ్చునని డాక్టరు గోపాలన్, డాక్టరు శ్రీకాంతయ్య 1960లో ప్రతిపాదించిరి. ఈ వాదమును శాస్త్రజ్ఞు లందరును అంగీకరింపలేదు; కాని ఒకే ధాన్యముపై బ్రతుకుట కీడని మాత్రము స్థిరపడినది. నేడు ఈ వ్యాధి అరుదు. అయినను తిండి మాని త్రాగుడునకు బానిసలైనవారిలో ఇది ఇప్పటికిని కనబడగలదు. జొన్నను మానవలసిన పని లేదు. దానికి పప్పు, పల్లీలు, పాలు, గ్రుడ్లు, మాంసము తోడు చేయవలెను.

స్పర్శ లేని మచ్చ

ముఖముపై గాని, ఒంటిపై గాని పాలిపోయిన లేక ఎఱ్ఱని మచ్చ ఏర్పడి, అచ్చట స్పర్శ తగ్గినచో కుష్ఠు వ్యాధిని అనుమానింపవలెను. ఉన్న మచ్చ హఠాత్తుగా ఎఱ్ఱబడి వాచినచో నరములు దెబ్బతిని, కనురెప్ప మూతపడకపోవు ప్రమాదము గలదు. అప్పుడు ఒక్క దినమైనను జాగు చేయరాదు. 1982నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన బహుళ ఔషధ చికిత్స ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో ఉచితముగా లభించును. 6 నెలలుగాని, 12 నెలలుగాని క్రమము తప్పక వాడిన వ్యాధి నయమగును. రోగిని వెలివేయుట అజ్ఞానము; వెలికి భయపడియే అనేకులు మచ్చను దాచుకొందురు.

తెలుపు కొరకు మలాములు

ముఖము తెల్లబడునని యువతీ యువకులు దుకాణములలో కొను కొన్ని మలాములలో స్టీరాయిడ్ మందులుండును. మొదట వారములలో ఛాయ తేలినట్లు తోచును. పిదప చర్మము పలుచనై, ఎఱ్ఱని సన్న నరములు తేలి, మొటిమలు పుట్టి, ఎండ సోకిన మండును. మానిన వెంటనే ఎరుపు హెచ్చుటచే మరల అదియే పూయుదురు. ఇది ఒక వ్యసనమగును. ఇట్టి మలాములు అనేకము వైద్యుని చీటీ లేక అమ్మరాదని కేంద్ర ప్రభుత్వము 2018లో ఉత్తరువు చేసినది. చాలకాలము వాడినవారు చర్మవైద్యుని సలహాతోనే మానవలెను.

ఇతర కారణములు

జ్వరముతో ముఖము ఎఱ్ఱబడి కండ్ల వెనుక నొప్పి యున్నచో డెంగీకి రక్తపరీక్ష చేయింపవలెను. ఒక ప్రక్క చెంప ఎఱ్ఱగా వాచి నొప్పి పుట్టినచో అది చర్మములోని చీము వ్యాధి కావచ్చును. కంటివైపు ప్రాకకముందే వైద్యుని చూడవలెను. మందు మ్రింగిన తరువాత దద్దురులు లేచి, పెదవులు వాచి, ఊపిరి ఆడనిచో వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. ముక్కు మీదుగా రెండు చెంపలపై నెలల తరబడి నిలుచు ఎరుపునకు కీళ్ల నొప్పులు తోడైనచో లూపస్ అను వ్యాధికి పరీక్ష అవసరము. ముట్లుడుగు వయసున స్త్రీలకు వచ్చు ముఖపు ఆవిరులు వ్యాధి కావు. ఎఱ్ఱని ముఖము రక్తపోటునకు గుర్తను నమ్మకము సరికాదు. రక్తపోటు సాధారణముగా ఏ గుర్తును చూపదు, కొలిచియే తెలిసికొనవలెను.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు

1. వేసవిలో పనులను ఉదయము, సాయంకాలములకు మార్పించి, పనిచోట నీడ, త్రాగునీరు ఏర్పరుపవలెను.

2. ఓ.ఆర్.ఎస్. పొట్లములు ఆశా కార్యకర్తవద్ద నిలువ యున్నవో లేవో ఏప్రిల్‌నకు ముందే విచారింపవలెను.

3. మచ్చల పరీక్షకు సిబ్బంది ఇంటింటికి వచ్చునపుడు తోడుండి, మొదట తమ ఇంటివారినే చూపవలెను. పెద్దలు ముందుకు వచ్చిన ఇతరుల సంకోచము తొలగును.

4. చీటీ లేక స్టీరాయిడ్ మలాములు అమ్మరాదని గ్రామములోని మందుల దుకాణదారులకు తెలియజెప్పవలెను.

5. దిష్టి తగిలినదని, వేడి చేసినదని చెప్పి రోగిని ఇంటనే ఉంచువారికి నచ్చజెప్పి ఉపకేంద్రమునకు పంపవలెను.

ముఖము అందరికిని కనబడునది. అందు పుట్టిన మార్పును మొదట చూచువారు ఇరుగుపొరుగువారే. చూచినవారు ఊరకుండక సకాలమున ఒక మాట చెప్పిన, ఒక ప్రాణమో, ఒక కన్నో, ఒక కుటుంబపు గౌరవమో నిలుచును.