తలకు తగిన శిరస్త్రాణము

హైదరాబాదు నగరమునుండి పడమరగా బీజాపూరు వైపు పోవు రాజమార్గము మొయినాబాదు, చేవెళ్ల ఊళ్ల మీదుగా సాగును. అప్పా కూడలి మొదలు మన్నెగూడ వరకు గల 46 కిలోమీటర్ల దూరమున ఈ దారికి ఇరుప్రక్కల వందలకొలది మర్రిచెట్లు పెరిగి, తరతరములుగా బాటసారులకు నీడనిచ్చుచు వచ్చినవి. తెల్లవారకముందే ఈ దారి మేలుకొనును. కూరగాయలను, పూలను నగరపు అంగడికి చేర్చు రైతులు, మొయినాబాదు పరిసరములందలి కళాశాలలకు పోవు విద్యార్థులు, చిలుకూరు బాలాజీ దర్శనమునకు వచ్చు భక్తులు, పనులకు పోవు స్త్రీపురుషులు ఈ దారినే నడచుచుందురు. వారిలో పెక్కుమందికి వాహనము స్కూటరు గాని, మోటారు సైకిలు గాని అయి యుండును. అదే దారిలో కంకర లారీలును, బస్సులును, కార్లును పరుగులు తీయుచుండును. 2025వ సంవత్సరము నవంబరు 3వ తేదీన చేవెళ్ల సమీపమున మీర్జాగూడ వద్ద కంకరతో నిండిన టిప్పరు లారీ ఆర్టీసీ బస్సును ఢీకొనగా పెక్కుమంది ప్రయాణికులు ప్రాణములు కోల్పోయిరి. చుట్టును ఇనుప గోడలు గల బస్సులో కూర్చున్నవారికే అట్టి ఆపద కలిగినప్పుడు, రెండు చక్రముల మీద పోవువాని సంగతి చెప్పనేల? అతని తలకు అడ్డుగా నుండునది హెల్మెట్టు ఒక్కటియే.

భారత ప్రభుత్వము ప్రకటించిన లెక్కల ప్రకారము 2022వ సంవత్సరమున మన దేశమునందు రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో హెల్మెట్టు ధరింపక మరణించినవారు 50,029 మంది. ఈ యేబదివేల మందిలో పదునాలుగు వేలకు పైగా బండి నడిపినవారు కారు, వెనుక కూర్చున్నవారు. విద్యార్థులారా! ఈ సంఖ్యను మీరు ప్రత్యేకముగ గమనింపవలెను. పదునెనిమిది యేండ్లు నిండనిదే సాధారణముగా మనము చూచు స్కూటరును నడుపుటకు చట్టము అనుమతింపదు. కావున మీరిప్పుడు బండి నడుపువారు కారు. కాని తండ్రి వెనుకనో, అన్న వెనుకనో కూర్చుండి బడికి, సంతకు, బంధువుల యిండ్లకు పోవువారు మీరే గదా!

శిరస్త్రాణము మన భాషలో పాత మాటయే. పూర్వము యుద్ధమునకు పోవు వీరులు కత్తి దెబ్బలనుండి, బాణములనుండి తలను కాపాడుకొనుటకు లోహపు శిరస్త్రాణములను ధరించెడివారు. నేటి హెల్మెట్టు చేయు పని వేరు. అది పడిపోవునప్పుడు కలుగు అదురునుండి మెదడును కాపాడవలెను. ఈ సత్యమును వైద్యులు గుర్తించుటకు ఒక ప్రసిద్ధ పురుషుని మరణము కారణమైనది.

మొదటి ప్రపంచ యుద్ధ కాలమున అరేబియా దేశమునందు పేరు పొందిన టి. ఇ. లారెన్సు అను ఆంగ్లేయునికి మోటారు సైకిళ్లన్నచో మిక్కిలి మక్కువ. 1935వ సంవత్సరము మే 13వ తేదీన ఆయన ఇంగ్లండులోని తన యింటికి సమీపమున వేగముగా పోవుచుండగా, సైకిళ్లపై వచ్చుచున్న యిద్దరు బాలురు అకస్మాత్తుగా కంటబడిరి. వారిని తప్పింపబోయి ఆయన బండి మీదినుండి ఎగిరి పడెను. తలకు పెద్ద గాయమయ్యెను. ఆరు దినములు స్మృతి లేక పడియుండి, మే 19వ తేదీన మరణించెను. ఆయనను చూచిన వైద్యులలో హ్యూ కెయిర్న్సు అను మెదడు శస్త్రవైద్యుడు ఒకడు. ఆ మరణము ఆయన మనస్సును కలచివైచెను. తల మీద రక్షణ యుండినచో ఇట్టివారు బ్రతుకుదురా యను ప్రశ్న ఆయనను విడువలేదు. ఆయన మోటారు సైకిలు ప్రమాదములను శ్రద్ధతో పరిశీలించి, 1941లో బ్రిటిషు మెడికల్ జర్నల్ అను వైద్య పత్రికలో తన అభిప్రాయమును ప్రకటించెను. హెల్మెట్టు ధరించియుండి ప్రమాదమునకు గురియైనవారు ఆయనకు ఏడుగురు మాత్రమే కనబడిరి. ఆ యేడుగురును బ్రతికిరి. ఆ యేడాదియే బ్రిటిషు సైన్యము తన మోటారు సైకిలు వార్తాహరులకు హెల్మెట్టును తప్పనిసరి చేసినది. కాని సామాన్య ప్రజలకు ఆ నియమము ఇంగ్లండులో 1973లో గాని రాలేదు. కెయిర్న్సు 1952లోనే మరణించుటచే దానిని చూడలేకపోయెను.

హెల్మెట్టు తలను ఎట్లు కాపాడునో తెలిసికొన్నచో, దానిని ఎట్లు ఎన్నుకొనవలెనో తనంతట తెలియును. దానికి ముఖ్యముగ రెండు పొరలుండును. పైది గట్టి చిప్ప. అది ప్లాస్టిక్కుతో గాని, గాజునారతో గాని చేయబడును. కొనదేలిన రాయి తలలోనికి దిగకుండ ఆపుటయు, దెబ్బను విశాలమైన చోటునకు పంచుటయు దాని పని. లోపలిది థర్మకోలు వంటి దళసరి పొర. ప్రాణమును కాపాడు పొర యిదియే. 1953లో అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పరిశోధకుడు లొంబార్డు, ఆయన సహచరుడు ఇట్టి పొర గల హెల్మెట్టునకు పేటెంటు పొందిరి.

చేవెళ్ల రైతు టమాటాలను పెట్టెలో నింపునప్పుడు అడుగున గడ్డియో, కాగితమో పరచును. పెట్టె నేలకు తగిలినప్పుడు ఆ గడ్డి కొంచెము అణగి, కాయ చితుకకుండ కాపాడును. హెల్మెట్టు లోపలి పొరయు అట్లే అణగును. నిలిచియున్న బండి మీదినుండి పడినను తల ఒకటిన్నర మీటరు ఎత్తునుండి నేలకు వచ్చును. అంత ఎత్తునుండి పడు వస్తువు నేలను తాకునప్పటికి గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగమును పొందును. తల తారు రోడ్డుకు నేరుగా తగిలినచో ఆ వేగమంతయు రెండు మూడు మిల్లీమీటర్లలోనే ఆగిపోవలెను. మధ్య ఈ పొర యున్నచో అది రెండు మూడు సెంటీమీటర్ల దూరమున ఆగును. ఆగు దూరము పది రెట్లయినచో తలపై పడు బలము పదవ వంతునకు తగ్గును. మృత్యువునకు, స్వల్ప గాయమునకు నడుమ ఉన్న భేదము ఆ రెండు సెంటీమీటర్లే. కనుకనే “పొలమునుండి ఊరిలోనికే గదా, దగ్గర దారికి హెల్మెట్టు ఎందుకు?” అనుట సరికాదు. నేల ఎంత దూరము ప్రయాణము చేసితివని అడుగదు.

ఇక హెల్మెట్టులలో రకములు చూతము. కొన్ని తల పై భాగమును మాత్రమే కప్పును. కొన్ని చెవులను గూడ కప్పును గాని ముఖమును విడిచిపెట్టును. మూడవ రకము గడ్డమునకు ముందు కూడ బలమైన అడ్డు కలిగి, తలనంతను కప్పును. దీనినే ఫుల్ ఫేస్ హెల్మెట్టు అందురు. 1960 దశకపు చివరి భాగమున అమెరికాలో బెల్ అను సంస్థ పందెపు వాహనములు నడుపువారికై దీనిని ప్రచారములోనికి తెచ్చినది. జర్మనీ దేశమునందు ప్రమాదములకు గురియైనవారి హెల్మెట్టులను పరిశీలింపగా, తగిలిన దెబ్బలలో సుమారు మూడవ వంతు గడ్డము చుట్టుప్రక్కలనే కనబడినవి. ముందునకు పడువాడు ముఖము మీద పడుట సహజమే గదా! తల పై భాగమును మాత్రమే కప్పుకొన్నవాడు ఇంటి పైకప్పు వేసి ముందు తలుపు పెట్టనివాని వంటివాడు.

“ఫుల్ ఫేస్ హెల్మెట్టు పెద్దది, బరువైనది, స్కూటరు సీటు క్రింది డిక్కీలో పట్టదు” అని కొందరు సగము హెల్మెట్టు కొందురు. ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. అందుచేతనే పొందికైన హెల్మెట్టును వెదకవలెను. కొన్ని హెల్మెట్టులను ఒకే పెద్ద చిప్పతో చేసి, లోపలి మెత్తను మాత్రము దళసరిగనో పలుచగనో అమర్చి, చిన్న తలకును పెద్ద తలకును అమ్ముదురు. అట్టి దానిలో చిన్న తల డోలులో పెట్టిన గుమ్మడికాయవలె కదలుచుండును. మంచి తయారీదారులు వేర్వేరు కొలతలకు వేర్వేరు చిప్పలను చేయుదురు. అవి తలకు దగ్గరగ నమరి, చూపులకు చిన్నవిగా నుండి, మెడకు భారము కాకుండును. అయితే లోపలి థర్మకోలు పొరను పలుచన చేసి హెల్మెట్టును చిన్నదిగ చేసినచో అది మోసమే యగును. చిన్నదనము చిప్ప పొందికవలన రావలెను గాని, రక్షణను కోసివేయుటవలన రాకూడదు.

చేవెళ్లలో కూరగాయలు పండించు ఒక రైతు, ఎనిమిదవ తరగతి చదువుచున్న తన కుమార్తెతో హెల్మెట్టు కొనబోయెననుకొందము. దారి ప్రక్కన కుప్పగా పోసిన చవుక హెల్మెట్టులను చూచి, “బిడ్డా, ఇది చాలదా? పోలీసులు చూచుటకే గదా” అని ఆయన యనును. “నాయనా, మనలను పడగొట్టునది పోలీసువాడు కాడు, రోడ్డు. దీనిమీద ఐ.ఎస్.ఐ. ముద్ర లేదు” అని బాలిక బదులు చెప్పును. ఆమె మాట నిజము. మన దేశపు హెల్మెట్టు ప్రమాణము సంఖ్య ఐ.ఎస్. 4151. 2021 జూను 1వ తేదీ నుండి ఐ.ఎస్.ఐ. ముద్ర లేని ద్విచక్ర వాహనపు హెల్మెట్టును చేయుటయు, అమ్ముటయు నిషేధింపబడినవి. ముద్రతోపాటు ఆ ప్రమాణ సంఖ్యయు, లైసెన్సు సంఖ్యయు ఉన్నవో లేవో చూడవలెను.

తరువాత వారు మంచి దుకాణమునకు పోయి కొలత చూతురు. కనుబొమలకు ఒక వ్రేలి వెడల్పు పైగా, చెవులకు పైగా, తల వెనుక ఉబ్బెత్తు భాగము మీదుగా టేపు చుట్టి సెంటీమీటర్లలో కొలువవలెను. తండ్రి తల 60, కుమార్తె తల 56 వచ్చినదనుకొందము. ఇద్దరికి ఒకే హెల్మెట్టు చాలదు. పెద్దది పిల్లకు పెట్టినచో పడునప్పుడు అదియే ముందుగ ఊడిపోవును.

హెల్మెట్టు పెట్టుకొన్నప్పుడు చెంపలు కొంచెము ఒత్తుకొనవలెను, నొప్పి కలుగరాదు. పట్టీ బిగించి, చేతులతో హెల్మెట్టును ఇటునటు త్రిప్పినచో నుదుటి చర్మము దానితోపాటు కదలవలెను. వెనుకనుండి పైకి నెట్టి ముందునకు లాగినను తల మీదినుండి ఊడిరాకూడదు. పది నిమిషములు అట్లే పెట్టుకొని కూర్చుండవలెను. ఏ యొక్కచోటనైన పోటు కలిగినచో మరియొక ఆకారముదానిని చూడవలెను. ముందరి గ్లాసు స్పష్టముగ నుండవలెను. నల్లని గ్లాసు పగటి యెండకు హాయిగ నుండును గాని, మర్రిచెట్ల నీడలోను, రాత్రివేళను దారిలోని గుంటలను కనబడనీయదు. గాలి పోవు రంధ్రములు లేనిచో వేసవిలో ఉక్క భరింపలేక దానిని తీసివేయుదురు.

చివరగా, స్కూటరును దుకాణము ముందు నిలిపి, సరిపోయిన హెల్మెట్టును డిక్కీలో పెట్టి చూడవచ్చును. పట్టినచో మంచిదే. పట్టనిచో బండి కొక్కెమునకు తగిలించి తాళము వేయవచ్చును. డిక్కీ కొలతను బట్టి తల రక్షణను తగ్గించుకొనుట తగదు.

కొన్నదానిని సరిగ వాడుట మరియొక ముఖ్య విషయము. పట్టీ బిగింపని హెల్మెట్టు మొదటి దెబ్బకే దూరముగ పోయి పడును. తలకు బదులు చేతికి తగిలించుకొన్నది మోచేతినైన కాపాడదు. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్టు పైకి బాగుగ కనబడినను, లోపలి పొర అణగిపోయి యుండును. అది మరల లేవదు. కావున దానిని మార్చవలెను. ఇతరులు వాడినదాని చరిత్ర మనకు తెలియదు గనుక కొనరాదు. పెట్రోలుతో తుడిచినచో చిప్పయు, థర్మకోలును చెడును. తేలికపాటి సబ్బునీరు చాలును.

1988 నాటి మోటారు వాహనముల చట్టమును 2019లో సవరించి, నాలుగేండ్లు దాటిన ప్రతివారును, నడుపువారైనను వెనుక కూర్చున్నవారైనను, హెల్మెట్టు ధరింపవలెనని విధించిరి. తలపాగా ధరించిన సిక్కులకు మినహాయింపు కలదు. నియమము తప్పినవారికి వేయి రూపాయల జరిమానాయు, మూడు నెలలు లైసెన్సు రద్దును కలుగును. కాని జరిమానా భయము పోలీసులున్న కూడలి వరకే పనిచేయును. అనేక దేశముల పరిశోధనలను కలిపి చూడగా, హెల్మెట్టు మరణావకాశమును సుమారు 42 శాతము, తలగాయపు అవకాశమును సుమారు 69 శాతము తగ్గించునని తేలినది. హెల్మెట్టు ధరించినవారందరును బ్రతుకుదురని దీని యర్థము కాదు. నెమ్మదిగ నడుపుటయు, దారి నియమములను పాటించుటయు దానికి తోడుగ నుండవలెను.

బాలబాలికలారా! ఇంటివద్ద బండి బయలుదేరునప్పుడు పెద్దలకు హెల్మెట్టు అందించుట మీరు చేయదగిన చిన్న పని. మీ తలకు తగినది మీరు ధరించి, పట్టీ బిగించిన తరువాతనే వెనుక కూర్చుండుడు. “నాయనా, పట్టీ పెట్టుకొంటివా?” అని అడుగుటకు సంకోచింపవద్దు. పిల్లలు అడిగిన మాటను కాదను తండ్రులు అరుదు.

ప్రశ్నలు

1. హ్యూ కెయిర్న్సు హెల్మెట్టు విషయమున శ్రద్ధ వహించుటకు కారణమేమి? ఆయన ఏమి కనుగొనెను?
2. హెల్మెట్టు లోపలి పొర మెదడును ఎట్లు కాపాడును? టమాటాల పెట్టెతో పోల్చి వ్రాయుము.
3. ఫుల్ ఫేస్ హెల్మెట్టు మేలైనదని ఏల చెప్పుదురు? పొందికైన హెల్మెట్టునకును, పలుచని హెల్మెట్టునకును గల భేదమేమి?
4. మీ యింటివారి తలలను కొలిచి, ఎవరికి ఏ కొలత హెల్మెట్టు కావలెనో పట్టిక వ్రాయుము.