కాలు కోల్పోయిన రైతు తిరిగి పొలములో నడుచుటెట్లు?



నాగలి విరిగినచో ఆ సాయంత్రమే వడ్రంగి యింటికి పోయెదము. ఎద్దు కుంటినచో పశువైద్యుని పిలిచెదము. కాని ఇంటి యజమానియే యంత్ర ప్రమాదము వలన గాని, చక్కెర వ్యాధి పుండు వలన గాని కాలు పోగొట్టుకొన్నచో, ఇక అతని సేద్యము ముగిసినదని మంచమున కూర్చుండబెట్టి, పొలమును కౌలుకిచ్చుచున్నాము. ఇది సరికాదు. మోకాలి దిగువన కాలు తీసివేయబడిన వారిలో పెక్కుమంది, తగిన కృత్రిమ కాలు సకాలములో అమర్చుకొన్నచో, గట్ల వెంట నడువగలరు, నీరు కట్టగలరు, పశువులను చూచుకొనగలరు. అందుకు కావలసినవి మూడు: గాయము మానునపుడు జాగ్రత్త, పొలమునకు తగిన పాదము, ఆలస్యము లేకుండ ధ్రువపత్రము.

గాయము మానునపుడు

మా మేనమామకు రోటవేటరు ప్రమాదములో కుడికాలు మోకాలి దిగువన తీసివేయవలసి వచ్చినది. నొప్పి తగ్గునను తలంపుతో మా అత్తయ్య ఆ మోకాలి క్రింద ప్రతిదినము దిండు పెట్టెడిది. ప్రేమతో చేసిన పనియే. ఆరు నెలల పిమ్మట కృత్రిమ కాలు కొరకు తీసికొనిపోగా, మోకాలు వంగి బిగిసిపోయినదనియు, అది చాపువరకు కొలత తీయుట కుదరదనియు చెప్పిరి. వ్యాయామముతో మోకాలు చాపునప్పటికి ఒక ఖరీఫు గడచిపోయినది. వ్యవసాయము చదివిన నాకును ఈ చిన్న సంగతి తెలియదు. మీరు దీనిని ముందే తెలిసికొనుడు.

1. మోకాలి క్రింద దిండు పెట్టరాదు. మంచము అంచున కాలు వ్రేలాడవేసి చాలసేపు కూర్చుండరాదు. మోకాలిని చాపియుంచవలెను.

2. వైద్యుడు అనుమతించిన పిమ్మట మొండి కాలికి సాగెడు క్రేప్ పట్టీ చుట్టవలెను. కొన వద్ద కొంచెము బిగువుగను, పైకి పోవుకొలది వదులుగను ఉండవలెను. పైన బిగించినచో కొన వాచును. పట్టీ జారినప్పుడెల్ల విప్పి మరల చుట్టవలెను. దీనివలన వాపు తీసి, కాలు గిన్నెలో అమరుటకు తగిన రూపము వచ్చును.

3. లేని పాదము నొప్పి పుట్టుచున్నదని రోగి చెప్పినచో వెఱ్ఱి అనుకొనరాదు. కాలు తీసివేయబడిన వారిలో చాలమందికి ఇట్లు తోచును. వైద్యునికి చెప్పినచో చికిత్స గలదు.

పొలమునకు తగిన పాదము

బూటు తొడుగుకొని చదునైన నేలపై నడచువారి కొరకు చేసిన కృత్రిమ పాదములు మన పనికి అంతగా అక్కరకు రావు. వాటితో గొంతుకూర్చుండుట కష్టము, బురదలో దిగుట కష్టము. ఈ ఇబ్బందిని గమనించి 1968లో జయపురమున రామచంద్ర శర్మ అను శిల్పియు, డాక్టర్ పి.కె. సేథీ అను ఎముకల వైద్యుడును కలిసి జైపూర్ పాదమును రూపొందించిరి. ఇది ప్రధానముగా రబ్బరుతో చేయబడును. వ్రేళ్ళతో సహా మనిషి పాదము వలె ఉండును. చెప్పు లేకుండ నడువవచ్చును. చీలమండ వద్ద పలువైపులకు వంగును గనుక గొంతుకూర్చుండుటకును, బాసిపట్టు వేయుటకును, ఎగుడుదిగుడు నేలపై నడచుటకును అనువు. నీటికి చెడదు. పైభాగమును, పొలములకు నీరు తెచ్చు హెచ్.డి.పి.ఈ. గొట్టము వంటి దానితోనే చేయుదురు. 1975లో స్థాపింపబడిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి ఈ కాలును ఉచితముగా అమర్చుచున్నది.

కావున కొలత యిచ్చునపుడు మొగమాటపడక, "నేను బురదలో నడువవలెను, గొంతుకూర్చుండవలెను" అని స్పష్టముగా చెప్పుడు. చెప్పనిదే వారికి మీ పని తెలియదు.

ధ్రువపత్రము, సహాయము

గాయము మానువరకు వేచియుండి తరువాత కాగితముల కొరకు తిరుగుట వలన నెలలు వృథా యగును. ఆసుపత్రి కాగితములను జాగ్రత్తపరచుడు. వైకల్య ధ్రువపత్రము, యు.డి.ఐ.డి. కార్డు కొరకు ఆన్‌లైనులో దరఖాస్తు చేయవలెను. చేయలేనివారు తెలంగాణలో మీసేవ కేంద్రమునందును, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయమునందును విచారించవలెను. ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యులు పరీక్షించి శాతము నిర్ణయింతురు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 రకముల వైకల్యములను గుర్తించినది. పెక్కు సహాయములకు కనీసము 40 శాతము వైకల్యము ఉండవలెను. ప్రభుత్వ పథకములలో వ్యవసాయ భూమి కేటాయించునపుడు ఇట్టివారికి 5 శాతము ప్రత్యేకింపవలెనని ఆ చట్టములోని 37వ విభాగము చెప్పుచున్నది.

ఎడిప్ అను కేంద్ర పథకము క్రింద కృత్రిమ కాళ్ళు, చంకకర్రలు, మూడు చక్రముల బండ్లు, వినికిడి యంత్రములు లభించును. నెలసరి ఆదాయమునకు పరిమితి గలదు. దానిని బట్టి పూర్తి ఖరీదు గాని, సగము గాని ప్రభుత్వము భరించును. కాన్పూరులోని అలింకో సంస్థ ఈ పరికరములను తయారుచేసి శిబిరములలో పంచుచున్నది. మొదటి శిబిరములో కొలతలు తీసి, తరువాతి శిబిరములో పరికరము నిత్తురు. మొదటిదానికి పోనివారికి రెండవదానిలో లాభము లేదు. శిబిరముల తేదీలను జిల్లా దివ్యాంగుల సంక్షేమ కార్యాలయములో ముందుగా తెలిసికొనుడు.

పొలములో మెలకువలు

మొదట దినమునకు కొద్ది గంటలు మాత్రమే కాలు తొడిగి, క్రమముగా పెంచవలెను. లోపల నూలు మేజోడు తప్పనిసరి. చెమటకు తడిసినచో మార్చవలెను. పురుగుమందు చల్లు పని ఇతరులకు అప్పగించుట మేలు. మేజోడు మందుతో తడిసినచో విషము చర్మమునకు అంటియే యుండును. అట్లైన వెంటనే విప్పి, సబ్బుతో కడుగవలెను.

ప్రతి రాత్రి అద్దము పెట్టి మొండి కాలి అడుగుభాగము చూచుకొనుడు. చక్కెర వ్యాధి గలవారికి నొప్పి తెలియకపోవచ్చును గనుక ఇది మరింత అవసరము. ఎఱ్ఱదనము తగ్గకున్నను, పొక్కు లేచినను కాలు తొడుగుట ఆపి, గిన్నెను సరిచేయించవలెను.

ఇంటివారు కొంత మార్పు చేయవలెను. నడచు గట్టును వెడల్పు చేసి, మళ్ళపై చిన్న వంతెన వేయుడు. కూరగాయల నారు నడుమెత్తు బల్లపై ట్రేలలో పెంచినచో వంగనక్కరలేదు. బోదెపై నిలిచి పొడవైన గొట్టము ద్వారా గింజలు వేయవచ్చును.

మా మేనమామ నేడు నీరు కట్టుచున్నాడు. దమ్ము మాత్రము కుమారుడు చేయుచున్నాడు. పోయిన ఆ ఖరీఫు తిరిగి రాదు. మీ గ్రామములో ఎవరైన ఇట్లు మంచమున ఉన్నచో, ఈ పుట వారికి చదివి వినిపింపుడు, ముందు ఆ దిండు తీయింపుడు.