కొత్త ట్యాంకులో అమ్మోనియా: నీళ్లు మార్చండి, ట్యాంకు కడగొద్దు

కొత్తగా అక్వేరియం పెట్టిన ఇంట్లో నాలుగైదు రోజులకే చేపలు నీటి పైకి చేరి నోళ్లు తెరిచి ఆయాసపడుతుంటాయి. మొప్పలు ఎర్రబడతాయి, రెక్కలు ముడుచుకుపోతాయి. అది చూసి చాలామంది ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, రాళ్లనూ ఫిల్టరునూ కుళాయి కింద తోమి కడిగి, కొత్త నీళ్లు పోస్తారు. ఆ పూటకి చేపలు తేరుకుంటాయి. వారం తిరక్కుండా మళ్లీ అదే కథ. చివరికి ‘చేపలు మా ఇంటికి అచ్చిరావు’ అని ట్యాంకు అటకెక్కిస్తారు. అచ్చిరావడానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. చేపల్ని చంపింది అమ్మోనియా. దాన్ని మింగేసే బ్యాక్టీరియాను మనమే కడిగి పారబోశాం.

చేప తన మొప్పల్లోంచే అమ్మోనియాను వదులుతుంది. మిగిలిపోయిన మేత, మలం కుళ్లినా అదే పుడుతుంది. పాత ట్యాంకులో ఒక రకం బ్యాక్టీరియా దీన్ని నైట్రైటుగా మారిస్తే, మరో రకం ఆ నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తుంది. ఈ కోవ సూక్ష్మజీవుల సంగతి 1890 ప్రాంతంలోనే రష్యన్ శాస్త్రవేత్త సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ బయటపెట్టాడు. ఇవి నీళ్లలో తేలుతూ ఉండేది చాలా తక్కువ. ఫిల్టరు స్పాంజికి, గులకరాళ్లకు, అద్దానికి అంటుకుని బతుకుతాయి. అవి సరిపడా పెరగడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందాకా అమ్మోనియాను తగ్గిస్తూ రావడం, వాటి జోలికి పోకపోవడం మన వంతు.

ముందు కొలవాలి. నీళ్లు అద్దంలా మెరుస్తున్నా అమ్మోనియా ఉండొచ్చు. చుక్కలు వేసే కిట్ ఒకటి కొనుక్కోండి. గొట్టంలో 5 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుని, చెప్పినన్ని చుక్కలు వేసి ఊపి, చెప్పిన సమయం ఆగి, రంగుల కార్డు పక్కన పెట్టి పగటి వెలుతురులో చూడండి. ఎక్కువ కిట్లలో పసుపు రంగు ఉంటే అమ్మోనియా లేనట్టు, ఆకుపచ్చ ముదిరేకొద్దీ ప్రమాదం పెరిగినట్టు. కుళాయి నీళ్లను కూడా ఒకసారి ఇలాగే పరీక్షించండి.

పీహెచ్ కూడా చూడాలి. 25 డిగ్రీల వేడి దగ్గర పీహెచ్ 7 ఉంటే, మొత్తం అమ్మోనియాలో చేపకు విషమయ్యే రూపం ఒక శాతం కూడా ఉండదు. అదే పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది. క్షారగుణం ఎక్కువున్న బోరు నీళ్లు వాడే ఇళ్లలో కిట్ చూపే చిన్న అంకెను కూడా తేలిగ్గా తీసుకోకూడదు. అలాగని పూర్తిగా ఆర్వో నీళ్లతో నింపితే ఇంకో చిక్కు. ఈ బ్యాక్టీరియాకు నీటిలోని కార్బొనేట్లు కావాలి. అవి లేకపోతే పీహెచ్ పడిపోయి వాటి పనే మందగిస్తుంది.

కొలత 0.5 పీపీఎం దాటితే ఆ రోజే మూడో వంతు నీళ్లు మార్చండి. 1 దాటితే సగం. సగం మారిస్తే అమ్మోనియా సగానికి దిగుతుంది. 2 ఉన్నది 1 అవుతుంది, మర్నాడు మళ్లీ మారిస్తే అర అవుతుంది, మధ్యలో పుట్టింది కొంత కలుస్తుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకు అంచు దాకా నింపితే 56 లీటర్లు. రాళ్లూ పైన వదిలిన ఖాళీ పోగా 45 లీటర్లు అనుకోండి. సగమంటే బకెట్టున్నర లోపే. గొట్టంతో లాగేటప్పుడు దాని కొసను గులకరాళ్ల మధ్య గుచ్చితే అడుగున చేరిన మేత, మలం నీళ్లతోపాటే వచ్చేస్తాయి.

కొత్తగా పోసే నీళ్లలో క్లోరిన్ ఉండకూడదు. అది చేపలకూ చేటు, బ్యాక్టీరియాకూ చేటు. మునిసిపల్ నీళ్లయితే వెడల్పాటి టబ్బులో ఒక రోజు మూత లేకుండా ఉంచండి, లేదా షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి. ఎండాకాలం మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నీళ్లు కాగి ఉంటాయి. తెల్లవారుజామున పట్టి ఉంచుకున్నవే పోయాలి.

మేత ఆపేయండి. ఎదిగిన చేపలు ఒకటి రెండు రోజులు తినకపోయినా ఏమీ కాదు. ఆ తర్వాత కూడా రోజుకొకసారి, రెండు నిమిషాల్లో తినేంత మాత్రమే. ఇంట్లో ఎవరికి వాళ్లు పిడికెడు వేసే అలవాటుంటే మేత డబ్బా ఒక్కరి చేతిలోనే పెట్టండి. చచ్చిన చేప కనిపిస్తే వెంటనే తీసేయండి.

ఇక బ్యాక్టీరియాను తొందరగా పెంచే దారి. ఆరోగ్యంగా ఉన్న పాత ట్యాంకు తెలిసినవాళ్ల దగ్గరుంటే, వాళ్ల ఫిల్టరు స్పాంజి ముక్క ఒకటి అడగండి. ఆ ట్యాంకు నీళ్లలోనే తడిగా తెచ్చి మీ ఫిల్టరులో పెట్టండి. అందులోంచి కారే గోధుమరంగు మడ్డిని చూసి కంగారుపడొద్దు. ఏ సీసాలో అమ్మే బ్యాక్టీరియాకన్నా నేను దాన్నే నమ్ముతాను. మీ స్పాంజి మూసుకుపోతే ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండండి, కుళాయి కింద కాదు. ఫిల్టరు ఆపొద్దు. కరెంటు గంటల తరబడి పోయే చోట బ్యాటరీ ఎయిర్ పంపు తప్పనిసరి, ఆక్సిజన్ అందకపోతే చేపలతోపాటు బ్యాక్టీరియా కూడా చస్తుంది. మనీ ప్లాంట్ తీగ వేళ్లు నీళ్లలోకి వదిలితే అవి కూడా కొంత అమ్మోనియాను పీలుస్తాయి.

అత్యవసరమైతే జియోలైటు ఉంది. భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో రైతులు చల్లేది ఇదే. కడిగిన గుళికలను గుడ్డసంచిలో కట్టి ఫిల్టరు దగ్గర ఉంచితే మంచినీటి ట్యాంకులో అమ్మోనియాను పట్టుకుంటుంది. ట్యాంకులో ఉప్పు వేస్తే మాత్రం పట్టింది తిరిగి వదిలేస్తుంది.

ఈ ఉప్పు మాట ఎందుకంటే, అమ్మోనియా దిగుతుండగా నైట్రైటు పెరుగుతుంది. అది రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి తగ్గిస్తుంది. అప్పుడు లీటరుకు గ్రాము చొప్పున అయోడిన్ కలపని కల్లుప్పు వేస్తే నైట్రైటు మొప్పల్లోకి చొరబడకుండా క్లోరైడు అడ్డుపడుతుంది. జియోలైటు సంచి ముందే తీసేయండి. మొక్కలుంటే ఉప్పు బదులు నీళ్లు మార్చడమే మేలు.

నీళ్లు మార్చకుండా వారం గడిచినా అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా చూపిస్తే ట్యాంకు కుదురుకున్నట్టు. అప్పటినుంచి వారానికోసారి పావు వంతు మార్చితే చాలు. కొత్త చేపలు కావాలంటే రెండో మూడో తెచ్చి, మరో వారం రోజూ కొలిచి, సున్నా నిలబడ్డాకే ఇంకో రెండు తెచ్చుకోండి.