శ్రీవైష్ణవుల రక్షణలోని శిలలు

శ్రీవేంకటేశ్వరుని దర్శనార్థమై బయలుదేరిన యాత్రికుని చూపు గమ్యముపై నుండును, త్రోవపై నుండదు. మన పూర్వులు త్రోవను గూడ క్షేత్రములో భాగముగనే భావించిరి. అందుచేతనే కొండదారి పొడవునను గురుతులు నిలిపిరి. వానిని చదువుకొను విధమును, చదువకున్న కలుగు నష్టమును ఇచట విచారింతము.

భాగ్యనగర వాసులకు ఈ విషయము తమ వీధులలోనే బోధపడును. నాంపల్లి యను పేరు గోల్కొండ నేలిన అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులోని నేక్‌నామ్ ఖానుని బట్టి వచ్చినదని చెప్పుదురు. ఆబిడ్స్ అను పేరు ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుని సేవకుడగు ఆల్బర్ట్ ఆబిద్ నడపిన దుకాణము వలన కలిగినది. దుకాణము పోయినది, పేరు నిలిచినది. దినదినము ఆ పేర్లను పలుకువారిలో ఆ వ్యక్తుల నెరిగినవారెందరు? చేరువనే యున్న నౌబత్ పహాడ్‌పై 1976లో శ్రీవేంకటేశ్వరునకు చలువరాతి ఆలయము వెలసినది. నౌబత్తనగా భేరి. రాజాజ్ఞలను చాటుటకు పూర్వమచట భేరి మ్రోగించెడివారని ప్రతీతి. నేడు గంటానాదము వినుచున్న భక్తులలో ఆ పేరునకు అర్థ మడుగువారు అరుదు. పేరు నిలిచియు భావము మరుగుపడవచ్చునని దీనివలన తెలియుచున్నది.

ఇక తిరుమల త్రోవను చూతము. అలిపిరి నుండి సుమారు 3,550 మెట్లు కలవు. ఆరంభముననే తలయేరుగుండు కనబడును. కొండ నెక్కునపుడు నొప్పులు కలుగకుండవలెనని భక్తులు ఆ బండకు తలను, మోకాళ్ళను తాకింతురు. పైకి సాగగా మోకాళ్ళ పర్వతము వచ్చును. ఈ గిరి సాక్షాత్తు ఆదిశేషుడే గనుక పాదములు మోపుటకు జంకి భగవద్రామానుజులు మోకాళ్ళతో ఎక్కిరని సంప్రదాయము చెప్పుచున్నది. బాలుడగు అన్నమయ్య అలసి నిద్రింపగా అలమేలుమంగమ్మ సాక్షాత్కరించినది ఇచటనే యని అందురు. ఇవి ఐతిహ్యపు గురుతులు. వీనికి వ్రాత లేదు. తాత మనుమనికి చెప్పిన మాటయే వీనికి లిపి.

రెండవ తెగవి వ్రాతగల గురుతులు. 1513 నుండి 1521 వరకు ఏడు పర్యాయములు స్వామిని సేవించిన శ్రీకృష్ణదేవరాయలు ఆలయ ద్వారము చెంత ఇరువురు దేవేరులతో అంజలి ఘటించి నిలిచియున్నాడు. ఆ విగ్రహములపై వారి పేర్లు చెక్కబడియున్నవి. తిరుపతి, తిరుమలలలో వేయికి పైగా శాసనములు లభించినవి. వానిలో అధికభాగము తమిళమున నున్నవి. తెలుగు, కన్నడములలోనివియు కలవు. ఎవరు ఏ కైంకర్యమునకు ఏమి సమర్పించిరో, ప్రసాదము ఎవరికెట్లు పంచవలెనో అవి తెలుపుచున్నవి.

1944లో ఘాటు రోడ్డు ఏర్పడినది. వృద్ధులకు, రోగులకు స్వామి దర్శనము సులభమైనది. ఇది మహోపకారమే. ఐనను బండిలో పోవువానికి మోకాళ్ళ పర్వతము కనబడదు. కనబడని రాతిని గూర్చి పిల్లవాడు ప్రశ్నింపడు. ప్రశ్న లేనిచోట తాత చెప్పడు. వ్రాత లేని గురుతు ఇట్లే ఒక తరములో మూగపోవును.

నాంపల్లి చెంతనున్న పబ్లిక్ గార్డెన్సులోని పురావస్తు ప్రదర్శనశాలలో ఎన్నియో ప్రాచీన శిల్పములు భద్రముగ నున్నవి. 1935లో లక్ష్మణరాయ పరిశోధక మండలి ‘తెలంగాణా శాసనములు’ ప్రకటించి మరియొక విధముగ రక్షణ కల్పించినది. కాని త్రోవ ప్రక్కనున్న రాతికి కావలివాడు బాటసారియే.

ఈ సందర్భమున ఒక విశేషము స్మరణీయము. తిరుమల శాసనములలో పెక్కు, ఈ ధర్మము శ్రీవైష్ణవుల రక్షణలో నుండుగాక యని ముగియుచున్నవి. దాత తన దానమును రాజభటులకు గాక భక్తులకు అప్పగించినాడు. ఆ అప్పగింత మనకును చెందును. కనుక శాసనాక్షరములపై సున్నము, రంగు పూయరాదు. మెట్లకు పసుపు కుంకుమల నర్పించుట భక్తియే. అక్షరములున్న చోట నమస్కారము చాలును. రాతిపై మన పేరు చెక్కుట అపచారము. శక్తి యున్నవారు ఒక్కపర్యాయమైనను కాలినడకన ఎక్కి, ప్రతి గురుతు కడ నిలిచి పిల్లలకు దాని కథ చెప్పవలెను. రక్ష యనగా ఇదియే.