ఆవుల్లో ఫ్లూ వైరస్ జాడ తీయడం ఎలా?

2024 మార్చి 25న అమెరికా వ్యవసాయ శాఖ టెక్సస్, కాన్సస్ పాడి ఆవుల్లో హెచ్5ఎన్1 బర్డ్‌ఫ్లూ బయటపడిందని ప్రకటించింది. అంతకు ముందే అక్కడి మందల్లో ఆవులు మేత తగ్గించాయి, పాలు తగ్గిపోయి చిక్కగా వచ్చాయి. ఆ వైరస్ ఎటు నుంచి ఎటు వెళ్లిందో, దారిలో ఎలా మారిందో ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చునే చూడొచ్చు. పరీక్షశాల అక్కర్లేదు.

ముందు తెలియాల్సింది కొంచెమే. ఈ వైరస్ జన్యు పదార్థం 8 ముక్కలుగా ఉంటుంది. అన్నీ కలిపితే సుమారు 13,500 అక్షరాలు. నకలు తీసుకునేటప్పుడల్లా అక్కడక్కడా ఒక అక్షరం తప్పుతుంది. ఆ తప్పు తర్వాతి తరాలకూ వస్తుంది. ఒకే తప్పులున్న వైరస్‌లు దగ్గరి చుట్టాలన్నమాట. రెండు వైరస్‌లు ఒకే కణంలో పడితే ముక్కలు కలగాపులగం కూడా అవుతాయి. అలా ఏర్పడిన ఒక కలయికకే బీ3.13 అని పేరు. ఆవుల్లో మొదట వ్యాపించింది ఇదే.

1. నెక్స్ట్‌స్ట్రెయిన్ వెబ్‌సైట్‌లో ఆవుల హెచ్5ఎన్1 వంశవృక్షం తెరవండి. ఒక్కో చుక్క ఒక్కో నమూనా. ఎడమ నుంచి కుడికి కాలం నడుస్తుంది.

2. రంగులను రాష్ట్రాల వారీగా మార్చండి. టెక్సస్ కొమ్మల నుంచి మిషిగన్, ఒహాయో లాంటివి చీలడం కనిపిస్తుంది. దాని పక్కన ఆవుల రవాణా వార్తలు పెట్టుకోండి: ఆ రెండు రాష్ట్రాల్లో సోకిన మందలకూ అంతకు ముందే టెక్సస్ నుంచి ఆవులు వచ్చాయి. అందుకే పాలిచ్చే ఆవులను రాష్ట్రం దాటించే ముందు పరీక్ష చేయాలని ఏప్రిల్‌లో ఆదేశం వచ్చింది.

ఈ మెట్టు దగ్గర తొందరపడకండి. చుక్కలు ఎక్కువున్న రాష్ట్రంలో జబ్బు ఎక్కువని కాదు, అక్కడ పరీక్షలు ఎక్కువ జరిగి ఉండొచ్చు. మొదట్లో వ్యవసాయ శాఖ పెట్టిన ముడి సమాచారంలో చాలా నమూనాలకు రాష్ట్రం పేరు లేదు, సరైన తేదీ లేదు. అమెరికా, 2024 అని మాత్రమే ఉంది. తేదీ, చోటు లేని జన్యుక్రమం సగం మాటే చెబుతుంది. రోగం పాకుతున్న వేళ ఆ రెండు వివరాలూ దాచకుండా ఇవ్వడం ఏ ప్రభుత్వానికైనా కనీస ధర్మమని నా గట్టి నమ్మకం.

3. చెట్టు మొదలుకు వెళ్లండి. బీ3.13 సోకిన ఆవుల కొమ్మలన్నీ ఒకే చోట కలుస్తాయి. అంటే అడవి పక్షుల నుంచి ఈ రకం ఒక్కసారే దాటింది, అదీ 2023 చివర్లోనో 2024 మొదట్లోనో. మార్చిలో బయటపడేలోపు నెలల తరబడి ఎవరి కంటా పడకుండా పాకింది. సోకిన ఆవు పాలలో వైరస్ విపరీతంగా ఉంటుంది, పాలు పితికే యంత్రం ఒక పొదుగు నుంచి ఇంకో పొదుగుకు వెళుతుంది. మంద లోపల పాకడానికి అది చాలు.

4. జీవి వారీగా రంగు మార్చండి. ఆవుల కొమ్మల మధ్య పిల్లులు, కోళ్లు కనిపిస్తాయి. ఆవుల నుంచి వాటికి సోకిందనడానికి ఇదే ఆధారం.

5. ఇక మార్పులు. పీబీ2 ముక్క చెట్టు తెరిచి 627, 631 స్థానాలు చూడండి. బీ3.13 సోకిన దాదాపు ఆవులన్నిటిలో 631 దగ్గర మార్పు ఉంది. టెక్సస్‌లో కళ్లకలకతో బయటపడిన పాడి కార్మికుడి వైరస్‌లో మాత్రం 627 దగ్గర మారింది. ఈ రెండూ క్షీరదాల కణాల్లో వైరస్ బాగా పెరగడానికి తోడ్పడే మార్పులే. అలాగని ఒక్క మార్పు చూసి మహమ్మారి వచ్చేసిందని రాయకండి.

6. పేరు చూసి బంధుత్వం కట్టకండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లకు సోకిందీ హెచ్5ఎన్1 అనే పేరున్నదే. అంతమాత్రాన టెక్సస్ ఆవులతో దానికి చుట్టరికం ఉందనలేం. అదే సమయంలో నెవాడా ఆవుల్లో డీ1.1 అనే రకం దొరికింది. చెట్టులో అది బీ3.13 కొమ్మలకు దూరంగా, పక్షుల వైరస్‌ల మధ్య కూర్చుంది. పక్షుల నుంచి ఆవులకు మళ్లీ దాటిందని తెలిసింది అలాగే. కొత్త నమూనా వచ్చినప్పుడల్లా ముందు చూడాల్సింది ఇదే: పాత ఆవుల కొమ్మకు చిగురా, లేక పక్షుల కొమ్మ నుంచి కొత్తగా దిగిందా?