ఆపగలిగే ఆట



మేనల్లుడూ, నువ్వు పీఎస్5 అమ్మేస్తానంటున్నావని మొన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నీ మెసేజ్ కూడా చూశాడు ఈ మామయ్య. పాప పుట్టాక రోజుకి గంట కూడా మిగలట్లేదు, ఇంకేం ఆడతానని కదా రాశావు. అది వచ్చిన వేళ రాత్రి ఒంటిగంటా నలభై. ఆ వేళకి నీ చేతిలో ఏముందో ఊహించలేనంత అమాయకుడు కాడు మీ మామయ్య.

దాన్ని అమ్మేయకు. గంటే కదా మిగిలేది, గంటతోనే మొదలుపెడదాం.

1993లో మీ మామయ్యకి మిగిలిందీ గంటే. గుంటూరు ఆఫీసులో పని ముగిశాక, మన ఊరి ఆఖరి బస్సుకి ముందు. ఉన్న ఒక్క కంప్యూటర్లో ఎవరో ఫ్లాపీ మీద తెచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఉండేది. 1989లో జోర్డాన్ మెక్నర్ చేసిన ఆట. వాళ్ల తమ్ముణ్ణి పరిగెత్తించి, దూకించి, వీడియో తీసుకుని, దాన్ని చూస్తూ రాకుమారుడి కదలికలు గీశాడట. అందుకే ఆ బొమ్మ గోడ పట్టుకు వేలాడితే మన భుజాలు లాగేవి. రాకుమారిని విడిపించడానికి ఇచ్చే గడువు సరిగ్గా 60 నిమిషాలు. రోజూ మొదటి మెట్టు నుంచే మొదలు, రోజూ సగంలోనే లేవడం. ఒక రాత్రి మీ మామయ్య ఎనిమిదో అంతస్తుదాకా వెళ్లాడు. తలెత్తి చూస్తే బస్సు వెళ్లిపోయి అరగంట.

బస్టాండు బల్లమీదే పడుకున్నాడు. తెల్లారి ఇంటికెళ్తే మీ అమ్మమ్మ అరుగు మీదే కూర్చునుంది, పక్కన మూతపెట్టిన కంచం. తిట్టలేదు. లోపలికెళ్లి పులుసు వెచ్చబెట్టింది, అంతే. ఆ పులుసు ఇప్పటికీ మింగుడుపడలేదు.

అసలు విషాదం ఆర్నెల్ల తర్వాత తెలిసింది. ఆ ఆటలో మూడో అంతస్తు నుంచి కంట్రోల్, జి కలిపి నొక్కితే ఆ అంతస్తు దాకా గెలిచింది దాచుకోవచ్చట! ఫ్లాపీ వచ్చింది గానీ దాంతో పుస్తకం రాలేదు మరి.

అప్పట్నుంచీ ఏ ఆట గురించి విన్నా బొమ్మలెలా ఉన్నాయని అడగడు మీ మామయ్య. ఆపితే ఆగుతుందా అని అడుగుతాడు. మీ అత్తయ్య దీన్ని జబ్బంటుంది. నీకు మాత్రం ఇదే కొలబద్ద: పాప కేర్‌మంటే ఎన్ని క్షణాల్లో నీ రెండు చేతులూ ఖాళీ అవుతాయి?

బీజీఎంఐనే చూడు. వందమంది దిగే దీవి, చివరిదాకా ఉంటే దాదాపు అరగంట. నీకోసం దీవి ఆగదు. మధ్యలో లేస్తే జట్టులో ముగ్గురి శాపనార్థాలు. 2023లో ఆ ఆట మళ్లీ వచ్చినప్పుడు పిల్లలకి రోజుకి మూడు గంటలు, పెద్దలకి ఆరు అని హద్దు పెట్టారు. ఆరు గంటలట! పసిపిల్ల ఉన్న ఇంట్లో నిద్రే అంత ఉండదు. ఎల్డెన్ రింగ్ ఒక్కడివే ఆడుతున్నా మామూలుగా పాజ్ ఉండదు. పాపకి పళ్లొచ్చేదాకా దాన్ని అటక మీద పెట్టు. హేడీస్ అయితే నీకు సరిపోతుంది. ఒక విడత అరగంట అటూ ఇటూ, గది మధ్యలో ఆపేసినా మళ్లీ ఆ గది గుమ్మం నుంచే మొదలు.

ఇక విచర్ 3 ముగించలేనని నువ్వు దిగులుపడుతున్న సంగతి. అసలు కథకే యాభై గంటల చిల్లర. వారానికి నాలుగు గంటలు దొరికినా సంక్రాంతికి మొదలెడితే ఉగాది దాటాకగానీ తేలదు. తేలకపోతేనేం? అది లోడవుతున్నంతసేపూ ఇంతవరకు ఏం జరిగిందో ఒక గొంతు వినిపిస్తుంది, నిన్నటి కథ అందుకునే హరిదాసులా. నీ పీఎస్5లో రెస్ట్ మోడ్ కూడా ఉంది. పెట్టి లేచిపో, మర్నాడు అదే అడుగు దగ్గర ఉంటుంది. ఆన్‌లైన్ ఆటలకి మాత్రం ఆ ఉపాయం పనికిరాదు.

మీ అమ్మమ్మకి ఇవేవీ అక్కర్లేకపోయాయి. అరుగు మీద అష్టాచెమ్మా మధ్యలో పాలు పొంగుతున్నాయంటే, కాయలన్నిటి మీదా గంప బోర్లించి లోపలికెళ్లేది. సాయంత్రం గంపెత్తితే ఎవరి కాయ ఎక్కడుందో అక్కడే. మీ అమ్మే ఒకసారి కింద చెయ్యిపెట్టి తన కాయని పండించేసుకుంది. అడుగు, ఇప్పటికీ ఒప్పుకోదు.

మీ ఆవిడ పగలంతా పాపతో అలిసిపోతుందని మీ అమ్మ చెప్పింది. రాత్రి మొదటి నిద్ర ఆమెకి వదులు. నీ గంట ఒంటిగంటకి కాదు, తొమ్మిదికి వెతుక్కో. నీ కళ్లకింద నలుపు ఫోటోలో కనిపించింది, అందుకే ఇంత రాశాడు మీ మామయ్య.

దీపావళికి వస్తున్నాం. రెండో కంట్రోలర్ ఛార్జింగ్‌లో పెట్టి ఉంచు. పాత ఆట కాంట్రా దొరికితే చూడు. ముప్పై ప్రాణాల కోడ్ వేళ్లకి ఇంకా గుర్తుంది: పైకి, పైకి, కిందికి, కిందికి. అందులో సేవ్ లేదు, పాజ్ ఉంది. పాప లేస్తే మీ మామయ్య ఎత్తుకుంటాడు, నువ్వు ఆడు.