కోంజో జాడ ఇంటింటా వెతకాలి

తూర్పుగోదావరిలో సగ్గుబియ్యానికి వాడే కర్రపెండలమే కాంగోలోని క్వాంగో ప్రాంతంలో మూడు పూటలా తిండి. నిన్నటిదాకా పరుగెత్తిన పిల్లవాడికి అక్కడ ఉన్నట్టుండి రెండు కాళ్లూ బిగుసుకుపోతాయి. సరిగా నానబెట్టని చేదు దుంపలోని సైనైడ్ విషంతో ముడిపడిన ఈ జబ్బే కోంజో. వచ్చాక నయం కాదు. 1981లో మొజాంబిక్‌లోని నంపులాలో వెయ్యిమందికి పైగా దీని బారిన పడితే, మొదట పోలియో అనుకున్నారు.

స్కానింగ్ లేని ఊళ్లో దీన్ని గుర్తుపట్టడమెలా? సర్వేకు వెళ్లేవాళ్లు ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోవాలి, తర్వాత ఊరిపెద్దతో, అక్కడి నర్సుతో మాట్లాడాలి. ఆస్పత్రి రిజిస్టర్ చూసి లెక్క కడితే సరిపోదు. నడవలేనివాళ్లు ఆస్పత్రి దాకా వచ్చి ఉండరు. గడప గడపకూ వెళ్లి, ఇంట్లో ఎవరికైనా నడక తేడాగా ఉందా అని వాళ్ల భాషలోనే అడగాలి.

అనుమానం ఉన్నవాళ్లను చదునైన నేల మీద నడిపించాలి, ఆపైన పరుగెత్తించాలి. తేలికపాటి కోంజో నడకలో దొరక్కపోవచ్చు, పరుగులో బయటపడుతుంది. తర్వాత చిన్న సుత్తితో మోకాలి కింద, మడమ వెనక తట్టి చూడాలి. పోలియో కాలు మెత్తగా వేలాడుతుంది, తట్టినా కదలదు. కోంజోలో రెండు కాళ్లూ ఒకేలా ఎగిరిపడతాయి. వెన్నెముకను కూడా తడిమి చూడాలి, అక్కడ టీబీ ఉన్నా కాళ్లు ఇలాగే బిగుస్తాయి. జబ్బు వారంలోపే వచ్చి, ఆ తర్వాత ముదరకుండా ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లో పెట్టిన షరతు. నెలల తరబడి ముదిరితే హెచ్‌టీఎల్‌వీ వైరస్‌ను అనుమానించి రక్తం తీయాలి.

నా దృష్టిలో అసలు పరిశోధన వంటింట్లోనే ఉంది. చేదు దుంపను మూడు రోజులు నానబెడితే సైనైడ్ చాలావరకు పోతుంది. రాజధాని కిన్షాసాకు మంచి రోడ్డు పడ్డాక, సరుకు త్వరగా అమ్ముకోవాలని ఆ మూడు రోజుల్ని కుదించేశారు. మాంసకృత్తులు అందని ఒంటికి ఆ విషాన్ని విరిచే శక్తి తగ్గుతుంది. కాబట్టి పిల్లల మూత్రంలో థయోసైనేట్ (సైనైడ్ ఒంట్లో విరిగాక మిగిలేది), ఇంట్లోని దుంప పిండిలో సైనైడ్ రెండూ చూడాలి. చిన్న సీసాలో చిటికెడు పిండి, కాస్త నీళ్లు వేసి, పసుపుపచ్చటి పిక్రేట్ కాగితం పెట్టి మూత బిగించాలి. మర్నాటికి కాగితం గోధుమరంగుకు తిరిగినకొద్దీ విషం ఎక్కువన్నమాట. కిలో పిండికి 10 మిల్లీగ్రాములు దాటకూడదు.

ఫలితం చేతికొచ్చాక అదే ఊరికి తిరిగి వెళ్లాలి. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త హోవర్డ్ బ్రాడ్‌బరీ రూపొందించిన పద్ధతి ఆడవాళ్లకు నేర్పాలి: పిండిని నీళ్లతో తడిపి, చాప మీద సెంటీమీటరు మందం మించకుండా పరిచి, ఎండలో రెండు గంటలు, నీడలోనైతే ఐదు గంటలు ఉంచడం. విషం గాలిలో కలిసిపోతుంది. ఆ పిండిని ఆరోజే వండుకోవాలి. క్వాంగోలోని కాయ్ కలెండా ఊళ్లో ఆడవాళ్లు దీన్ని అలవాటు చేసుకున్నాక కొత్త కేసులు ఆగిపోయాయి.